తిమ్మిరి పెట్టె

మొన్న మా అమ్మాయిని చూడ్డానికి కాకినాడ వెళ్ళినప్పుడు, ఉప్పాడ సముద్రపు గాలి తగిలితే కీళ్ళనొప్పులు సర్దుకుంటాయని ఎవరో అంటే నమ్మి, ఒంటెద్దు బండి కట్టించుకుని అంత దూరమూ పోయాను. నొప్పులు సర్దుకోలేదు సరికదా, ఇసకలో నాలుగడుగులు వేసేసరికి ఉన్న ఓపిక కాస్తా ఉడిగిపోయి, వల ఒడ్డుకు లాగి చేపలు ఏరుకుంటున్న జాలర్ల పక్కన ఒక తెప్ప మీద కూలబడ్డాను. పనికిరానివని వాళ్ళు విసిరేసిన వాటిలో మట్టిరంగులో, పళ్ళెంలా గుండ్రంగా, బొద్దుగా ఉన్న చేప ఒకటి నా కాళ్ళ దగ్గర పడి కొట్టుకుంటోంది. ఊరుకోవచ్చు కదా, ముసలితనానికి చాపల్యం ఎక్కువ, వంగి వేలు పెట్టబోయాను. “ఆయ్, దాన్ని ముట్టుకోకండి బాబుగారూ, తిమ్మిరి చేపండది, చెయ్యి సచ్చిపోద్ది!” అని ఒక జాలరి కేక వేశాడు గాని, అప్పటికే నా వేళ్ళు దాని వీపు మీద ఆనడమూ, మోచేతి దాకా జర్రున పోటు పాకడమూ, నా ప్రమేయం లేకుండా వేళ్ళన్నీ ఒక్కసారి ఎగిరిపడడమూ అయిపోయాయి. జాలరి నవ్వాడు. చేపలు ఏరుతున్న ఆడవాళ్ళు నా ముఖం చూసి కంగారుపడి మంచినీళ్ళిచ్చారు. నేను భయపడి అలా ఉండిపోయాననుకున్నారు పాపం. ఆ పోటు నాకు కొత్తది కాదని, దాన్ని నేను ఒకప్పుడు మా నాన్నగారి చేతిలోకి ఎక్కించేవాణ్ణని వాళ్ళకేం తెలుసు.

మన ఈడువాళ్ళలో కొందరికైనా గుర్తుండాలి, ఆ రోజుల్లో దొరల బంగళాల్లోనూ ఆస్పత్రుల్లోనూ ఒక టేకు పెట్టె కనిపించేది. మూత తీస్తే లోపల గుర్రపునాడాలాంటి అయస్కాంతం, దాని ముందు గిర్రున తిరిగే తీగచుట్టలు, పక్కన ఒక పిడి; ఆ పిడి పట్టుకుని తిప్పుతుంటే, పెట్టెలోంచి వచ్చిన రెండు తీగల చివర ఉన్న ఇత్తడి బిళ్ళల్లోకి విద్యుత్తు వచ్చేది. బిళ్ళలకు తడిగుడ్డ చుట్టి ఒంటి మీద ఎక్కడ ఆనిస్తే అక్కడి కండ ఎగిరేది. వాతానికీ అదే మందు, పక్షవాతానికీ అదే మందు, ఆడవాళ్ళకు దయ్యం పట్టిందన్నా అదే మందు. మా ఊళ్ళోవాళ్ళు దానికి తిమ్మిరి పెట్టె అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో దాని పేరు ఏదో బారెడు పొడుగుండేది, ఇప్పుడు నాకు నోరు తిరగదు, తిరిగినా చెప్పే ఓపిక లేదు.

అప్పటికి నేను రాజమండ్రి తంతి ఆఫీసులో సిగ్నలరుగా చేరి ఎంతో కాలం కాలేదు. మా వంశంలో నాగలి వదిలి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి నేనే, అందుకని ఊళ్ళో నా మీద చెప్పలేనంత గౌరవం. ఆఫీసులో చూస్తే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా టకటకమని మీట నొక్కి నొక్కి మణికట్టు వాచిపోయేది, మైలుతుత్తం నీళ్ళు పోసిన బ్యాటరీ జాడీలు కడిగి కడిగి గోళ్ళు నీలంగా మారి, అన్నం కలుపుకుంటుంటే నా చెయ్యి చూసి నాకే రోత పుట్టేది. ఊరందరి చావుకబుర్లూ పెళ్ళికబుర్లూ నా వేళ్ళ మీదుగానే పోయేవి. మా ఇంటి కబురు మాత్రం తీగ మీద రాలేదు. మా పాలేరు కాలవ పడవెక్కి ధవళేశ్వరంలో దిగి, అక్కణ్ణుంచి ఎండలో నడుచుకుంటూ వచ్చి, ఆఫీసు గుమ్మంలో నిలబడి తలగుడ్డతో కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు, నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయిందని, మాట కూడా పోయిందని.

ఇక్కడ మా బాబాయి సంగతి చెప్పకపోతే తక్కినదంతా దండగ. నాన్నగారికి ఒక్కడే తమ్ముడు. మా నాయనమ్మ పోయేనాటికి బాబాయి పారాడే పసివాడు, కొత్తగా కాపరానికి వచ్చిన మా అమ్మే అతన్ని చంకనేసుకుని పెంచింది, వదినా అని పిలిచేవాడన్నమాటే గాని అతనికి తల్లి ఆవిడే. అన్నదమ్ములిద్దరూ అంటే ఊళ్ళో సామెతగా చెప్పుకునేవారు. ఆనకట్ట కట్టి కాలవలు తవ్వాక మా సీమ అన్నపూర్ణ అయిందంటారు, నిజమే, కాదనను, కాని నీళ్ళు లేనప్పుడు లేని తగువులు ఆ నీళ్ళతోపాటే వచ్చాయి. ఒక ఏడు ఊడ్పుల ముందు కాలవలో నీరు బాగా తగ్గింది. కాలవలోంచి నీళ్ళు తెచ్చే బోదెకి మా చేను ఎగువన, బాబాయి చేను దిగువన. నాన్నగారు తన మళ్ళు తడిసేదాకా అని, దిగువకు నీళ్ళు పోకుండా తూము పలక దింపి, మళ్ళీ ఎత్తించడం మరిచారో, ఎత్తించకూడదనే అనుకున్నారో ఆయనకే తెలియాలి, బాబాయి నారుమళ్ళు నిలువునా ఎండిపోయాయి. మాటకి మాట పెరిగి, చివరికి ఊరి పెద్దలు ఇద్దర్నీ చావడిలో కూర్చోబెట్టారు.

మా వైపు తగువు తీరిందంటే అందరి ఎదటా ఒకరి చేతిలో ఒకరు చెయ్యి వెయ్యాలి, అంతకు మించి రుజువు లేదు. వేశాక ఆ మాట మళ్ళీ ఎత్తినవాడి ముఖం ఊళ్ళో ఎవరూ చూడరు. నష్టపోయింది తనే అయినా, చిన్నవాణ్ణి గదా అని బాబాయే ముందు లేచి చెయ్యి చాపాడు. నాన్నగారి చెయ్యి పైపంచె మడతల్లోంచి బయటికి రాలేదు. ఊరంతా చూస్తుండగా బాబాయి అలా చెయ్యి చాపుకుని నిలబడి నిలబడి, చివరికి ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. పొలం కౌలుకిచ్చేసి, పెళ్ళాం పిల్లలతో పిఠాపురం దగ్గర అత్తవారి ఊరు చేరి, మరి మా గడప తొక్కలేదు. తరవాతెప్పుడో నాన్నగారు అమ్మతో అన్నారట, చాపుదామనే అనుకున్నానే, చెయ్యి లేవలేదు, అని. అమ్మ ఆ మాట బాబాయి చెవిన వేయించింది. లేచే చెయ్యి లేవకపోవడమేమిటి, మనసు లేవలేదని చెప్పమనండి, అని జవాబొచ్చింది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మా ఇంట్లో ఇద్దరు మొండివాళ్ళుండేవారు, మధ్యని అమ్మ నలిగిపోయింది.

పాలేరు కబురు చెప్పాక నేను సెలవు పెట్టి, పడవెక్కే ముందు ఆస్పత్రి డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన మద్రాసులో చదివి వచ్చినవారు, మంచివారే, కాని ఎంత ఏడుస్తూ వెళ్ళినవాడికైనా పాఠం చెప్పకుండా మందివ్వరు. నా ఉద్యోగం తెలుసు గనక, “నీ తంతి ఆఫీసే అనుకోవయ్యా,” అని మొదలుపెట్టారు. తల పెద్దాఫీసట, వెన్ను మధ్యలో ఉండే చిన్నాఫీసట, నరాలు తీగలు, కండలు చివర్న టకటకలాడే యంత్రాలు. మా నాన్నగారికి చెడింది పెద్దాఫీసులో ఒక మూల. తీగలు తెగలేదు, యంత్రాలు పాడవలేదు, కబురు పంపేవాడే లేడు. అందుకని తీగ మధ్యలో మనమే ఒక కబురు ఎక్కిస్తే కండ కదులుతుంది, అలా రోజూ కదుపుతూ ఉంటే చెయ్యి బిగుసుకుపోకుండా ఉంటుంది, దేవుడి దయుంటే పెద్దాఫీసు కూడా కాస్త తేరుకోవచ్చు, అని చెప్పారు. అయితే నరం అచ్చంగా తీగలాంటిది కాదట. మన తీగ ఎవరో పుట్టించిన విద్యుత్తును మోసుకుపోతుంది, నరం అలా కాదు, తనలోనే ఒకచోట పుట్టిన కదలిక పక్కచోటిని లేపి, అది దాని పక్కచోటిని లేపి, పెళ్ళి పందిట్లో విస్తళ్ళు చేతులమీదుగా అందించుకున్నట్టు పోతుందట. అందుకే పరుగెత్తే గుర్రాన్ని మించిన వేగమే గాని, తంతి ముందు అది నత్తనడకేనని చెప్పి, నా ఉద్యోగాన్ని పొగిడినట్టుగా నా భుజం తట్టారు.

అంతటితో ఊరుకోలేదు. అప్పుడే చచ్చిన కప్ప కాలొకటి బల్ల మీద పెట్టి, తొడ దగ్గర తెల్లదారంలా కనిపిస్తున్న నరానికి పెట్టె తీగలు ఆనించి పిడి తిప్పారు. చచ్చిన కాలు ఫెడీమని తన్నింది. మళ్ళీ తిప్పారు, మళ్ళీ తన్నింది. ఊడ్పుల్లో కాళ్ళకు అడ్డంపడే కప్పల్ని చిన్నప్పట్నుంచీ చూసినవాణ్ణే, అయినా రెండోసారి తన్నేసరికి బల్ల దగ్గర్నుంచి వెనక్కి జరిగాను. ప్రాణం లేకపోయినా కదులుతుందన్నమాట, అయితే కదలడమంటే ఏమిటి, మా నాన్నగారి చెయ్యి కదిలితే అది మా నాన్నగారు కదిపినట్టేనా అని అడగాలనిపించింది గాని, పడవ వేళ మించిపోతోందని, ఆయన నాకే ఇచ్చేసిన ఆ పాత పెట్టె నెత్తిన పెట్టించుకుని వచ్చేశాను.

ఇంటికి పోయి చూద్దును కదా, నిలువెత్తు మనిషి మంచానికి ఒక పక్కగా ఒరిగి ఉన్నారు. కుడిచెయ్యి గుండెల మీదికి ముడుచుకుని, పిడికిలి బిగిసి ఉంది. నోట్లోంచి ఆ అనే శబ్దం తప్ప రాదు. మంచినీళ్ళకూ అదే, కోపానికీ అదే, నన్ను చూసినప్పుడూ అదే. మనం అన్నది మాత్రం తెలుస్తోంది, కళ్ళు చెబుతున్నాయి. అమ్మను అన్నిటికంటే బాధపెట్టింది ఆ పిడికిలి. లోపల చెమట పట్టి వాసన వేస్తోంది, గోళ్ళు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి, విప్పుదామంటే రాదు, బలవంతం చేస్తే ఆయన ఆ... అని అరుస్తారు. నేను డాక్టరుగారు చూపించినట్టు ఇత్తడి బిళ్ళలు ముంజేతి పైవైపు, వెంట్రుకలుండే వైపు, తడిగుడ్డతో కట్టి పిడి తిప్పాను. పిడికిలి వణికి, వేలు తరవాత వేలు, తనంతట తను విచ్చుకుంది. అమ్మ ఓరి నాయనో అని రెండడుగులు వెనక్కి వేసి, మరుక్షణంలో గబగబా వేన్నీళ్ళూ మెత్తని గుడ్డా తెచ్చి ఆ అరచెయ్యి శుభ్రంగా తుడిచి, గోళ్ళు తీసింది. బిళ్ళలు ముంజేతి లోపలివైపు కడితే అదే చెయ్యి ముడుచుకునేది. పైవైపు కడితే విప్పుకునేది. మాకు కావలసింది విప్పడమే గనక ఎప్పుడూ పైవైపే కట్టేవాళ్ళం. నా సెలవు అయిపోయేలోగా అమ్మ కట్టడమూ తిప్పడమూ అన్నీ నేర్చుకుంది, తిరగలి తిప్పిన చేతికి ఇదొక లెక్కా అనేది, కాని తిప్పి తిప్పి లేచేటప్పుడు నడుం పట్టుకుని గోడ ఆసరాతో లేచేది.

అలా నెలలు గడిచాయి. నేను వీలైనప్పుడల్లా పడవెక్కి వెళ్ళేవాణ్ణి. రాజమండ్రిలో మీట నొక్కడం, ఇంటికెళ్ళి పిడి తిప్పడం, ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నా రెట్టలు లాగుతాయి. నాన్నగారు మరి తేరుకోరని డాక్టరుగారు నాకు మెల్లిగా చెప్పేశారు. అమ్మకి ఎవరూ చెప్పలేదు, ఆవిడకే తెలిసిపోయింది. అప్పణ్ణుంచి ఆవిడకి ఒకటే పట్టు, ఈ కట్టె కాలేలోగా అన్నదమ్ములిద్దరూ చేతిలో చెయ్యి వేసుకోవాలి. ఆవాళ చావడిలో చాపని చెయ్యి బాబాయి ఎదట చాపించాలి. దానికి నా పెట్టె ఉందిగా అంది. నేను తెల్లబోయాను. అది నాన్నగారు చాపినట్టు ఎలా అవుతుందే అంటే, “ఆయన లోపల చాపి ఎంత కాలమైందో నీకేం తెల్సు, బయటికి రావడానికే పెట్టె కావాలి,” అని నా నోరు మూయించింది.

ఎవరి చేత ఏం చెప్పించిందో గాని బాబాయి వచ్చాడు. బండి దిగి వీధరుగు మీదే కూర్చున్నాడు, లోపలికి రానన్నాడు. చూసి ఏళ్ళయింది, జుట్టు నెరిసిపోయి, ముఖం అచ్చం నాన్నగారి ముఖంలా అయిపోయింది. అమ్మ వాకిట్లోకి వెళ్ళి, చిన్నప్పుడు మారాం చేస్తే పిలిచినట్టే, “ఏంటిరా ఇది, ఆయన లేచి రాలేరు, నువ్వే రావాలి,” అని రెక్క పట్టుకుంది. ఆవిడ పట్టుకుంటే కాదనలేకపోయాడు. లోపలికి వచ్చి అన్నగారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నాన్నగారు ఆ... అన్నారు. నేను బిళ్ళలు తడిపి ముంజేతి పైవైపు కట్టాను, అమ్మ చతికిలబడి పిడి తిప్పడం మొదలుపెట్టింది, పిడికిలి విచ్చుకుంది. అమ్మ తల ఎత్తకుండానే అంది, “ఆవాళ చాపలేదని కదూ నీ కోపం. చాపారు, చూడు.”

బాబాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కాని రోషం అడ్డొచ్చింది. “లేచే రోజుల్లో లేవని చెయ్యి, ఇప్పుడు మర పెట్టి లేపుతావా వదినా?” అన్నాడు. అన్నాడే గాని, మంచం దగ్గరికి వచ్చి, కాసేపు తటపటాయించి, తన కుడిచెయ్యి తెచ్చి ఆ విప్పిన అరచేతిలో పెట్టాడు. అమ్మ పిడి తిప్పుతూనే ఉంది, నిజానికి ఇంకా జోరుగా తిప్పుతోంది, ముడుచుకుపోతుందేమోనని ఆవిడ భయం. అప్పుడు, ఇది నేను నా కళ్ళతో చూశాను, నాన్నగారి వేళ్ళు వణుకుతూ, వణుకుతూ, ముందు చిటికెనవేలు, తరవాత తక్కినవి, బాబాయి చేతి చుట్టూ మూసుకున్నాయి. మూసుకుని బిగిశాయి. ముంజేతి పైనున్న కండ విప్పడానికి లాగుతూ ఎగిరెగిరిపడుతోంది, పట్టు మాత్రం వదల్లేదు. నాన్నగారి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఆ జబ్బులో ఊరికే కూడా కారతాయట, నాకు తెలియదు.

బాబాయి ఒక్క క్షణం కరిగిపోయినట్టే కనిపించి, అంతలోనే ఎవరో వెక్కిరించినట్టు చెయ్యి విడిపించుకున్నాడు. “విప్పిందీ మీ పెట్టే, మూసిందీ మీ పెట్టే,” అన్నాడు. కాదు బాబాయ్, అక్కడ కడితే విప్పుతుందేగాని మూయదు, అని నేను మొత్తుకున్నాను. మీట నొక్కడం నేర్చినవాడివి, ఎక్కడ నొక్కితే ఏమవుతుందో నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందిరా, అని విసురుగా అని, అమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా బండెక్కాడు. అమ్మ పిడి వదిలేసి అక్కడే నేల మీద ఒరిగి పడుకుంది. ఏడవను కూడా ఏడవలేదు, అంత అలిసిపోయింది.

నేను రాజమండ్రి తిరిగి వెళ్ళగానే డాక్టరుగారి ముందు కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన సంతోషిస్తారనుకున్నాను. తల పంకించి, “అన్ని కబుర్లూ పెద్దాఫీసు దాకా పోవయ్యా,” అన్నారు. అరచేతికి ఏదైనా తగిలితే ఆ కబురు చర్మంలోంచి నరం వెంట వెన్నులోని చిన్నాఫీసు దాకా పోతుందట, అక్కడే జవాబు తయారై వెనక్కి వచ్చి చెయ్యి మూసుకుంటుందట, మనిషిని అడిగే పనే లేదట; నిప్పు తగిలితే మనం అనుకునేలోగానే చెయ్యి వెనక్కి వచ్చేయడం అలాంటిదేనట. పక్షవాతం వచ్చినవాళ్ళలో పెద్దాఫీసు అదుపు ఉండదు గనక ఇది మరీ ఎక్కువట. చంటిపిల్లల అరచేతిలో వేలు పెడితే పట్టుకోరూ, అదీ ఇంతే అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మా అమ్మ రోజూ అదే అరచేతిలో గుడ్డ పెట్టి తుడుస్తుంది, అప్పుడు కూడా నేనో పాలేరో పిడి తిప్పుతూనే ఉంటాం, ఒక్కనాడూ మూసుకోలేదు, మరి బాబాయి చెయ్యి పెట్టిన రోజే ఎందుకు మూసుకుందండీ అని గట్టిగానే అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, అది మాత్రం నాకు తెలియదయ్యా అన్నారు. ఆ మాటకి ఆయన మీద నాకు గౌరవం పెరిగింది గాని నా బరువు తగ్గలేదు.

తరవాత ఎంతో కాలం పట్టలేదు. వానలు పడి కాలవలకు నీళ్ళు వదిలిన రోజుల్లో నాన్నగారు పోయారు. పాడె మోయడానికి బాబాయి అందుకోలేకపోయాడు, కర్మలు మొదలయ్యాకే వచ్చాడు. వచ్చినవాడు ఎవరితోనూ మాట్లాడకుండా, చెయ్యవలసినవన్నీ నాతోపాటే చేశాడు. పెద్దకర్మ అయి, చుట్టాలంతా వెళ్ళిపోయాక, అటక మీదికి ఎక్కించేద్దామని నేను పెట్టెకి గుడ్డ చుడుతుంటే, పక్కకు వచ్చి నిలబడి, దాన్ని నా చేతికి కట్టరా, అన్నాడు. ఇప్పుడెందుకు బాబాయ్ అన్నాను. “ఆవాళ ఎక్కడ కట్టావో అక్కడే కట్టు. అటూ ఇటూ జరిపావో చూడు,” అన్నాడు. అమ్మ వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. మా ఇద్దర్నీ చూసి, ఏమీ అడగకుండా పెట్టె తన ముందుకు లాక్కుని పిడి పట్టుకుంది.

నేను బాబాయి ముంజేతి పైవైపు, సరిగ్గా అదే చోట, తడిగుడ్డ వేసి బిళ్ళలు కట్టాను. అమ్మ తిప్పింది. నాగలి పట్టిన మోటు చెయ్యి, దాని వేళ్ళు చివుక్కున విచ్చుకుని బారుగా చాచుకున్నాయి. బాబాయి తన చేతిని తనే పరాయిదాన్ని చూసినట్టు చూశాడు. ఇప్పుడు మూస్తాను చూడు, అని పళ్ళు బిగించి మూయబోయాడు. ముంజేతి నరాలు తాళ్ళలా లేచాయి, కణతలు ఉబ్బాయి, వేళ్ళు సగానికి వంగి, అక్కడే వణుకుతూ ఆగిపోయి, మళ్ళీ చాచుకున్నాయి. ఊపిరి పీల్చుకుని మళ్ళీ ప్రయత్నించాడు. అమ్మ ఆపబోతే ఆపొద్దన్నాడు. చెమటలు కారుతున్నాయి, చెయ్యి మాత్రం విప్పుకునే ఉంది, ఎవరో వచ్చి అందులో చెయ్యి వేస్తారని చాపినట్టే ఉంది. చివరికి తన రెండో చేత్తో ఆ బిళ్ళలు పీకేసి, నేల మీద చతికిలబడి, “ఇంత ఒళ్ళున్నవాణ్ణి, నాకే ముయ్యడం రాలేదు వదినా. పడిపోయిన చేత్తో అన్నయ్య ఎట్టా మూశాడు?” అన్నాడు. అమ్మ పిడి వదిలేసింది. అప్పుడు నావైపు తిరిగి, “నువ్వు చదువుకున్నవాడివి. నిజం చెప్పరా. మూసింది ఎవరు?” అని అడిగాడు.

డాక్టరుగారి మాటలన్నీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. నాన్నగారే బాబాయ్, అన్నాను. బాబాయి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను విడిపించుకుని పోయానే, పట్టుకుంటే విడిపించుకుని పోయానే, అని అదే మాట అనుకుంటూ ఏడ్చాడు. అమ్మ అతని తల నిమురుతూ, పోన్లే, పోన్లేరా, పట్టుకున్నారు కదా, అంటూనే ఉంది. ఆ మరుసటేడు బాబాయి కాపరం ఎత్తుకుని మళ్ళీ ఊరికి వచ్చేశాడు, అమ్మ పోయేదాకా ఆవిడని కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఇప్పుడు ఆ ముగ్గురిలో ఎవరూ లేరు, పెట్టె ఎవరింట్లో చెదలు పట్టిందో కూడా తెలియదు.

ఇప్పుడు కాలం మారింది. మా వైపు అన్నదమ్ములకు తగువొస్తే చావడిలో కూర్చునేవాళ్ళు లేరు, రాజమండ్రి కోర్టుకు చెరొక పడవలో పోయి, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ప్లీడర్ల చేత తీర్పు తెచ్చుకుంటున్నారు, చేతిలో చెయ్యి వెయ్యడమంటే కుర్రవాళ్ళు నవ్వుతున్నారు. వైద్యం కూడా మారిందిలెండి. ఆమధ్య మా అల్లుడి స్నేహితుడు, కొత్తగా చదివి వచ్చిన డాక్టరు, ఇంటికొస్తే ఈ కథంతా చెప్పాను. సగంలోనే చెయ్యి ఊపి, అది వెన్నులోంచి వచ్చే జవాబండి, అందులో మనిషి ప్రమేయం ఏమీ ఉండదండి, అని తేల్చేసి కాఫీ తాగి వెళ్ళిపోయాడు. అతను చెప్పింది తప్పని నేను అనను. నాకిప్పుడు వాదించే ఓపికా లేదు, గెలవాలనే కోరికా లేదు. గుడ్డ తగిలితే మూసుకోని చెయ్యి తమ్ముడి చెయ్యి తగిలితే ఎందుకు మూసుకుందని మాత్రం, మా డాక్టరుగారిలా, అతను ఒక్క క్షణమైనా ఆలోచించి ఉంటే బాగుండుననిపించింది. తలను అడక్కుండా వెన్నే జవాబు చెప్పిందనుకుందాం, చెప్పనీండి. ఆ వెన్ను మాత్రం మా నాన్నగారిది కాదా?